కాళ్లలో ఉబ్బిన నరాలకు లేజర్ చికిత్స – వైద్య సేవ కార్డుదారులు తెలుసుకోవాల్సినవి

"కాళ్ల నరాలు ఉబ్బాయండి" అని మన కోనసీమలో చెప్పే జబ్బు పేరు వెరికోస్ వెయిన్స్. నిజానికి అవి నరాలు కావు. చెడు రక్తాన్ని గుండె వైపు తీసుకెళ్లే సిరలు. రక్తం కిందికి జారకుండా వీటిలో చిన్న కవాటాలుంటాయి. అవి పాడైతే రక్తం కాలిలోనే నిలిచి, సిరలు మెలికలు తిరుగుతాయి. కొబ్బరికాయలు ఒలిచేవారు, టిఫిన్ బండి, బట్టల షాపు పనివారు రోజంతా నిలబడే ఉంటారు కాబట్టి వీరికి బాధ ఎక్కువ. కాన్పుల తర్వాత ఆడవారికీ వస్తుంది.

ఇక్కడ కాలు వాచిందంటే ముందు బోదకాలు అనేస్తారు. అది దోమకాటుతో వచ్చే ఫైలేరియా, దానికి ఈ లేజర్ పనికిరాదు. సిరల జబ్బో కాదో డాప్లర్ స్కాన్‌లో తెలుస్తుంది. చీలమండ దగ్గర చర్మం నల్లబడి పుండు పడితే ఆకు పసర్లు కట్టుకుంటూ నెలలు గడపొద్దు. సిరను బాగుచేయకపోతే ఆ పుండు మానినా మళ్లీ వస్తుంది.

లేజర్‌లో పెద్ద కోత ఉండదు. మత్తు ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సూది రంధ్రం గుండా సన్నని తీగ పంపి, ఆ వేడితో పాడైన సిరను మూసేస్తారు. మూసేస్తే కాలు పడిపోతుందేమోనని భయపడతారు. పడిపోదు. రక్తం లోపలి మంచి సిరల గుండా వెళ్తుంది. అందుకే లోపలి సిరల్లో గడ్డ ఉందేమో ముందే చూస్తారు. చాలామంది అదే రోజు నడుస్తారు. డాక్టర్ చెప్పినన్ని రోజులు బిగుతు మేజోళ్లు వేసుకోవాలి. కొందరికి కొన్నేళ్లకు వేరే సిర ఉబ్బొచ్చు.

బియ్యం కార్డు, ఆధార్‌తో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రికి వెళ్లి ముందు వైద్య మిత్రను కలవండి. మీకు రాసిన చికిత్స పథకంలో ఉందా, ఆ ఆసుపత్రికి అనుమతి ఉందా అని అడగండి. ఇది అత్యవసరం కాదు గనుక ఆమోదం వచ్చాకే ఆపరేషన్‌కు ఒప్పుకోండి. డబ్బు అడిగితే 104కు ఫోన్ చేయండి.

ఉబ్బిన సిర చిట్లి రక్తం కారితే పడుకుని కాలు ఎత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదమండి. ఒక కాలి పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా 108కు ఫోన్ చేయండి.