లింకుల నుంచి మీటర్లకు: మన పొలాల పాత కొలతలు

ఊళ్లో పొలం కాగితం వాట్సాప్‌లో రాగానే మనం ముందుగా చూసేది విస్తీర్ణం. ఎకరాలెన్ని, సెంట్లెన్ని, గుంటలెన్ని అని. ఆ విస్తీర్ణానికి ఆధారమైన అంకెలు మాత్రం ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) నకల్లోనో టిప్పన్‌లోనో (తెలంగాణలో పొలం కొలతల పటం) గీతల పక్కన చిన్నగా ఉంటాయి. అవి పొడవు కొలతలు. హద్దు తేల్చాలన్నా, రేపు పొలాన్ని మళ్లీ కొలిపించాలన్నా వాటితోనే పని. అందుకే వాటిని మీటర్లలోకి సరిగ్గా మార్చుకోవడం పరదేశంలో ఉంటూ ఊళ్లో భూమి ఉన్న ప్రతి ఒక్కరికీ తెలియాలి.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలను సర్వే చేసింది గుంటర్ గొలుసుతో. 17వ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండుకు చెందిన గణితవేత్త ఎడ్మండ్ గుంటర్ రూపొందించిన గొలుసు ఇది. పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు. క్రికెట్ పిచ్‌లో రెండు వికెట్ల మధ్య దూరం సరిగ్గా అంతే. గొలుసులో 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. 66 అనే అంకెను ఎంచుకోవడంలోని తెలివంతా ఇక్కడే ఉంది. ఎకరానికి లక్ష చదరపు లింకులు, సెంటుకు వెయ్యి. పొలం పొడవునూ వెడల్పునూ లింకుల్లో గుణించి చివరి మూడు అంకెలు పక్కన పెడితే సెంట్లు వచ్చేస్తాయి. కాగితం, పెన్సిలు తప్ప మరేమీ లేని కాలంలో ఊరూరా వేల పొలాల విస్తీర్ణం కట్టిన సర్వేయర్లకు ఇది ఎంత వెసులుబాటో ఊహించుకోవచ్చు. కోస్తాలో, సీమలో ఇప్పటికీ సెంట్లలో మాట్లాడుకుంటున్నామంటే ఆ గొలుసు మన లెక్కల్లో ఇంకా ఉన్నట్టే.

తెలంగాణ కథ వేరు. నిజాం ప్రభుత్వం బొంబాయి సర్వే పద్ధతిని తీసుకుంది. ఆ పద్ధతిలో గొలుసు పొడవు 33 అడుగులు, దానికి 16 అణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల గుంట. అంటే 1,089 చదరపు అడుగులు, 121 చదరపు గజాలు. 40 గుంటలు ఎకరం. గుంటలో పదహారో వంతునూ అణా అనే అంటారు కాబట్టి, కాగితంలో అణా కనబడితే అది పొడవా, విస్తీర్ణమా అని చూసుకోవాలి.

మార్చడానికి కావలసిన అంకెలు తక్కువే. 1959లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం గజం అంటే కచ్చితంగా 0.9144 మీటర్లు, అడుగు 0.3048 మీటర్లు. మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి. గుంటర్ గొలుసు 20.1168 మీటర్లు, దాని లింకు 0.201168 మీటర్లు. బొంబాయి గొలుసు 10.0584 మీటర్లు, దాని అణా సుమారు 62.87 సెంటీమీటర్లు. లింకులను నేరుగా మీటర్లలోకి మార్చడం కష్టమనిపిస్తే ముందు 0.66తో గుణించి అడుగులు చేసుకోండి. ఉదాహరణకు 347 లింకులు 229.02 అడుగులు, అంటే 69.81 మీటర్లు.

అసలు చిక్కు వచ్చేది లింకును 0.2 మీటర్లుగా తీసుకున్నప్పుడు. ఇలా జరగడానికి కారణం ఉంది. భారతదేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాక 20 మీటర్ల గొలుసు వాడుకలోకి వచ్చింది. దానికీ 100 లింకులే. కాకపోతే కొత్త లింకు సరిగ్గా 20 సెంటీమీటర్లు. పాత ఎఫ్‌ఎంబీలోని లింకులకు ఈ లెక్క వేస్తే 347 లింకుల గట్టు 69.4 మీటర్లే అవుతుంది, 40 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. పొడవులో వెయ్యికి ఆరు వంతుల లోపు తేడా విస్తీర్ణంలో దాదాపు రెట్టింపవుతుంది. అయిదెకరాల చెక్కలో అది 5.8 సెంట్లు, అంటే 280 గజాలు. పట్నం పక్కన అది ఒక ఇంటి స్థలం!

ఇంకో పొరపాటు చుక్కలోనే ఉంది. తెలంగాణ కాగితంలో 3-20 అంటే మూడెకరాల ఇరవై గుంటలు, అంటే మూడున్నర ఎకరాలు. ఆంధ్ర కాగితంలో 3.20 అంటే మూడెకరాల ఇరవై సెంట్లు. గుంటల లెక్కను అలాగే దశాంశంగా కంప్యూటర్లో కొడితే 0.30 ఎకరం, 1,452 గజాలు, గల్లంతవుతుంది. మూడున్నర ఎకరాలు 1.416 హెక్టార్లు, 3.20 ఎకరాలు 1.295. అన్నదమ్ముల పంపకాల పట్టికను దూరం నుంచి ఎక్సెల్‌లో తయారుచేసేవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోవాలి.

అమెరికాలో ఇల్లో స్థలమో కొన్న మనవాళ్లకు కూడా ఈ లెక్కలు పనికొస్తాయి. అక్కడి పాత దస్తావేజుల్లో గుంటర్ గొలుసే ఉంటుంది, దానితో పాటు రాడ్ కూడా. రాడ్ గొలుసులో నాలుగో వంతు, 5.0292 మీటర్లు. పోల్, పెర్చ్ అన్నా అదే పొడవు. టెక్సాస్‌లో స్పానిష్ కాలం నాటి వారా కనిపిస్తుంది. 1919 నాటి రాష్ట్ర చట్టం దాన్ని 33⅓ అంగుళాలుగా స్థిరపరిచింది, అంటే 84.67 సెంటీమీటర్లు. అమెరికా సర్వే అడుగు అనేది మరొకటి. మీటరును 39.37 అంగుళాలుగా తీసుకున్న పాత నిర్వచనం నుంచి వచ్చిన ఈ అడుగును 2022 చివరితో అధికారికంగా విరమించారు. మామూలు అడుగుతో దాని తేడా పది లక్షల్లో రెండు వంతులే. ఇంటి స్థలంలో అది కనిపించదు. కానీ సర్వే నిరూపకాలు లక్షల అడుగుల్లో ఉంటాయి, 20 లక్షల అడుగుల దగ్గర తేడా 4 అడుగులకు చేరుతుంది.

ఇన్ని దశాంశాలు చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెయ్యాలి. ఎండలో, గట్ల మీద, ముళ్లకంపల్లో మనుషులు లాగిన ఇనుప గొలుసు అది. వాడేకొద్దీ సాగుతుంది, పల్లంలో వేలాడుతుంది. ఆనాడు దగ్గరి లింకుకు రాసిన కొలతను ఇవాళ మిల్లీమీటర్లలో చూపిస్తే లేని కచ్చితత్వం రాదు. లెక్క మధ్యలో అంకెలు కుదించకండి, చివర్లో మాత్రం సెంటీమీటరు దగ్గర ఆపండి. నకలు జిరాక్సు మీద స్కేలు పెట్టి కొలవకండి. జిరాక్సులో, ఫోన్ ఫోటోలో పటం పరిమాణం మారిపోతుంది, గీత పక్కన రాసిన అంకెనే నమ్మాలి. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరని వివాదాల్లో సాధారణంగా హద్దులకే బలం కాబట్టి, పొలంలో సర్వే రాళ్లు ఉన్నాయో లేవో చూడటం లెక్క కంటే ముందు చెయ్యాల్సిన పని.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ లేదా టిప్పన్ ధ్రువీకృత నకలు తీసుకోండి. ప్రతి గీత పక్కనా పాత అంకెను అలాగే ఉంచి, దాని పక్కన మీటర్లు రాసి, ఏ గొలుసుతో మార్చారో కింద ఒక వాక్యం చేర్చండి. దాని ప్రతిని మీ పిల్లలకూ ఇవ్వండి.