ఒక్క రూపాయి తక్కువకు అమ్మితే నిలబడతామా?

‘ఆన్‌లైన్‌లో నిలదొక్కుకోవాలంటే అమెజాన్, మీషో పెట్టిన ధర కంటే ఒక్క రూపాయైనా తక్కువకు అమ్మాలి.’ చిన్న వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్ శిక్షణ వీడియోల్లో ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. దీన్ని నమ్మి ఇంటి నుంచి చీరలు, పచ్చళ్లు, పిండివంటలు అమ్మే ఎందరో ఆడవాళ్లు దాచుకున్న డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఏడాది తిరక్కుండానే వ్యాపారం మానేసి, తమకే చేతకాలేదని బాధపడుతున్నారు. చేతకాక కాదు, వాళ్లకు నేర్పిన లెక్కే తప్పు.

పెద్ద సంస్థలు తక్కువ ధర ఎలా ఇవ్వగలుగుతున్నాయో ముందు చూడాలి. 1994లో పుట్టిన అమెజాన్ ఒక త్రైమాసికంలో తొలిసారి లాభం చూపింది 2001 చివర్లో. అన్నేళ్లూ మదుపరుల డబ్బుతో నడిచింది. ఇప్పటికీ దాని లాభంలో పెద్ద భాగం సరుకుల అమ్మకం నుంచి కాక క్లౌడ్ సేవల నుంచి వస్తోంది. ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కోసం 2018లో వాల్‌మార్ట్ పెట్టింది 1,600 కోట్ల డాలర్లు. ఏళ్ల తరబడి నష్టం భరించగల వాళ్లతో, వచ్చే నెల చీటీ డబ్బు కట్టాల్సిన మనిషిని ధరలో పోటీ పడమని చెప్పడం సలహా కాదు, అన్యాయం.

ఒక లెక్క వేద్దాం. మంగళగిరి నూలు చీరను నేత కార్మికుడి దగ్గర 1,400 రూపాయలకు తెచ్చారనుకోండి. అలాంటిదే కనిపించే మరమగ్గం చీర ఏదో యాప్‌లో 999కి ఉంది. భయపడి మీరు 1,499 పెట్టారు. కొరియర్‌కు 90, ప్యాకింగ్‌కు 30, పేమెంట్ గేట్‌వేకు 30, ఆ ఆర్డర్ తెచ్చిన ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనకు 150 అనుకుందాం. పన్ను పక్కన పెట్టినా మొత్తం ఖర్చు 1,700. చీర అమ్ముడైనందుకు సంతోషించారు కానీ, చేతి నుంచి 201 రూపాయలు పోయాయి. ఇలాంటివి వంద అమ్మితే నష్టం ఇరవై వేలు దాటుతుంది. ‘అమ్మకాలు పెరిగితే సర్దుకుంటుంది’ అన్న ఓదార్పు ఇక్కడ పనిచేయదు, ఎందుకంటే అమ్మకాలతో పాటు నష్టమూ పెరుగుతుంది. అదే చీరను 1,999కి అమ్మితే గేట్‌వేకు ఇంకో పది పోయినా 289 మిగులుతాయి. కొనేవాళ్లు తగ్గుతారు, నిజమే. కానీ మీరు నిలుస్తారు.

ఇందులో క్యాష్ ఆన్ డెలివరీ కలపనే లేదు. ఇంటికొచ్చిన పార్సిల్‌ను కొన్నవారు వద్దన్నారంటే రానూ పోనూ కొరియర్ మీదే. ధర చూసి మాత్రమే వచ్చిన కొనుగోలుదారు తలుపు దగ్గర మనసు మార్చుకోవడం కూడా తేలికే. బరువు సంగతి మరొకటి. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. వచ్చిన అంకె అసలు బరువు కంటే ఎక్కువైతే దానికే చార్జీ. 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో అరకిలో పూతరేకులు పంపితే 1.8 కిలోలకు డబ్బు కట్టాలి. పెట్టె కొలత తగ్గించుకోవడం నేర్పని శిక్షణ డిస్కౌంటు పెట్టడం మాత్రం నేర్పుతోంది!

నన్ను ఎక్కువగా బాధించేది దీని తర్వాత జరిగేది. నష్టం పూడ్చుకోవడానికి కొందరు నేత మజూరీ తగ్గించమని ఒత్తిడి చేస్తారు. ఇంకొందరు మరమగ్గం చీర తెచ్చి చేనేత అని పంపుతారు. మోసపోయిన మనిషి ఇక ఎవరినీ నమ్మదు. నిజంగా పోచంపల్లి, ఉప్పాడ, గద్వాల మగ్గాల నుంచి తెచ్చి అమ్మేవాళ్లూ ఆ అపనమ్మకానికి బలవుతారు. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును తప్పుడు సరుకుకు తగిలించడం నేరం కూడా.

‘పెద్ద ప్లాట్‌ఫాంలో లేకపోతే ఎవరూ కొనరు’ అన్న మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. ముక్కూ మొహం తెలియని వ్యక్తికి ముందే డబ్బు పంపడానికి జనం జంకుతారు. అక్కడైతే వాపసు హామీ ఉంటుంది. కాబట్టి ఒకటి రెండు రకాలు అక్కడా పెట్టండి, కమిషన్ కలిపిన ధరతోనే. అయితే అక్కడ కొన్నవారు ఆ ప్లాట్‌ఫాం మనుషులు, వాళ్ల ఫోన్ నంబరు మీ చేతికి రాదు. వాళ్లను మీవైపు తిప్పుకునే చీటీలు పార్సిల్‌లో పెట్టడం అమెజాన్ నిబంధనలకు విరుద్ధం. మీ పేరు, ఊరు గుర్తుండేలా సరుకు మీదే లేబుల్ వేసుకోండి.

మిగతా అపోహలకు ఇంత చోటు అక్కర్లేదు. కొన్న ఫాలోవర్లు చీరలు కొనరు. కొనుగోలుదారుల పేరుతో మీరే రివ్యూలు రాయడాన్ని 2020 ఈ-కామర్స్ నిబంధనలు నిషేధించాయి. ఇంట్లో చేసే పచ్చడికైనా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు కావాలి, చిన్న వ్యాపారులకు రుసుము ఏడాదికి 100 రూపాయలే. వాట్సాప్‌లో అమ్మితే జీఎస్టీ వర్తించదనేదీ తప్పే. సరుకుల టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే నమోదు చేసుకోవాలి. ఇతర రాష్ట్రాలకు అమ్మేవారికి మాత్రం, కొన్ని హస్తకళా వస్తువులకు ఉన్న మినహాయింపు తప్పిస్తే, ఆ పరిమితితో పనిలేకుండా నమోదు తప్పనిసరి.

చిన్న వ్యాపారి చేయగలిగినవి పెద్ద సంస్థ చేయలేనివే. ఈ చీర ఏ ఊరి మగ్గం మీద నేశారో, ఆవకాయలో ఏ నూనె పోశారో మీరు చెప్పగలరు. కొంగు రంగు ఎండలో ఎలా ఉంటుందో వీడియో కాల్‌లో చూపించగలరు. పాత కొనుగోలుదారు ఇంట్లో పెళ్లి ఉందని తెలిస్తే నేసేవారితో మాట్లాడి నచ్చిన అంచు వేయించగలరు. చేనేతకైతే హ్యాండ్లూమ్ మార్క్ ఉన్న సరుకు తెచ్చుకోండి. క్యాష్ ఆన్ డెలివరీ తప్పదనుకుంటే కొరియర్ ఖర్చు వరకైనా ముందే తీసుకోండి. ఒకసారి కొన్నవారి వివరాలు, ఇష్టాలు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. వాళ్లు రెండోసారి కొంటే ప్రకటన ఖర్చు ఉండదు.

ఇంకో డిస్కౌంటు ప్రకటించే ముందు, దయచేసి పోయిన నెల వచ్చిన ఆర్డర్లకు అయిన ఖర్చంతా, మీ కష్టానికి కూలితో సహా, కాగితం మీద రాసి చూడండి. ఏమీ మిగల్చని సరుకు ఉంటే దాని ధర పెంచండి, లేదా అమ్మడం ఆపేయండి.