లూపస్ వ్యాధి: వంశ లక్షణములు, మన కర్తవ్యము

జహీరాబాదు ప్రాంతమున ఎండలో కలుపుతీయు స్త్రీకి బుగ్గలపై, ముక్కుపై ఎఱ్ఱని మచ్చలు లేచి, కీళ్లు నొచ్చి, జ్వరము విడువకున్నచో అది లూపస్ అను వ్యాధి కావచ్చును. అది అంటువ్యాధి యనియు, వంశదోషమనియు అపోహలు కలుగకుండుటకై పంచాయతీ సభ్యులకు దీనిని వివరింపదలచితిమి.

కాపలాదారు ఇంటివారినే దొంగలని భ్రమించి కొట్టినట్లు, మనలను కాపాడవలసిన రోగనిరోధక శక్తి మన అవయవములపైననే తిరుగబడుట లూపస్. ఇది అంటునది కాదు. పదిమంది రోగులలో సుమారు తొమ్మిదిమంది స్త్రీలే.

తనదేదో, పరాయిదేదో శరీరము గుర్తించుటకు కణములపై హెచ్.ఎల్.ఎ. అను గుర్తులు తోడ్పడును. వీనిలో మొదటిదానిని 1958లో కనుగొన్న ఫ్రెంచి వైద్యుడు జాఁ దోస్సే 1980లో నోబెల్ బహుమతిని మరి యిద్దరితో కలిసి పొందెను. ఇవి తల్లిదండ్రుల నుండి సంక్రమించును. జాతిజాతికి వీని వ్యాప్తి మారును. యూరపు ప్రజలలో డి.ఆర్.3, డి.ఆర్.15 గుర్తులున్నవారికిని, తూర్పు ఆసియాలో ముఖ్యముగా డి.ఆర్.15 ఉన్నవారికిని లూపస్ వచ్చు అవకాశము హెచ్చు.

ఇట్టి జన్యులక్షణములు తరతరములుగా ఏల నిలిచినవి? ఒక తెగులును తట్టుకొను వంగడము మరియొక తెగులునకు లొంగుట రైతులెఱిగినదే. మలేరియా క్రిమిని దోమలో రొనాల్డ్ రాస్ 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొనెను. ఆ మలేరియాకును లూపస్‌కును గల సంబంధమును 2010లో ఒక పరిశోధన వెల్లడించినది. రోగనిరోధక శక్తిని అదుపుచేయు ఒక జన్యువు బలహీనమైన పిల్లలకు కెన్యాలో తీవ్ర మలేరియా నుండి రక్షణ కలిగెను. అదే మార్పు లూపస్ అవకాశమును పెంచునని తేలెను. ఈ మార్పు ఆఫ్రికా, ఆసియా ప్రజలలో ఎక్కువ.

అయినను గుర్తున్నంతమాత్రమున రోగము రాదు. ఒకే రూపు కవలలలో ఒకరికి వచ్చి రెండవవారికి రాకుండుట తరచు కనబడును. కావున రోగి యున్న ఇంటి పిల్లలకు సంబంధములు నిరాకరించుట అన్యాయము.

ఆలస్యమైనచో మూత్రపిండములు చెడవచ్చును. నోటిపూత, జుట్టు రాలుట, కాళ్లవాపు, నురుగుతో కూడిన మూత్రము కనబడినవారిని వెంటనే జహీరాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి పంపి మూత్రపరీక్ష చేయింపవలెను. అవసరమైనచో హైదరాబాదులోని నిమ్స్ కీళ్లవ్యాధుల విభాగము కలదు. ఒకనాడు మలేరియాకు వాడిన హైడ్రాక్సీక్లోరోక్విన్ నేడు లూపస్‌కు ముఖ్యమైన మందు. వైద్యుని అనుమతి లేక మందు మానరాదు. ఎండ తగులకుండ చూచుకొనవలెను. అట్టి స్త్రీకి నీడపట్టున పని చూపుటయు, ఆసుపత్రికి తోడు పంపుటయు పంచాయతీ చేయదగిన సేవ.