స్త్రీ పురుషుల కూలి భేదము

అంకగణితమున 'కాలము – పని' అను పాఠము విద్యార్థులందఱు ఎఱిగినదే. "నలుగురు పురుషులు గాని, ఆర్గురు స్త్రీలు గాని ఒక చేనిని 10 దినములలో కోయుదురు. ఇద్దఱు పురుషులును, ముగ్గురు స్త్రీలును కలిసి యెన్ని దినములలో కోయుదురు?" అను లెక్కను ఈ యేడు మేము తరగతిలో నిచ్చితిమి. 10 దినములని యందఱును సరిగనే వ్రాసిరి. అంతట నొక బాలిక లేచి, "మాస్టరుగారూ, ఆర్గురు ఆడవారు నలుగురు మగవారితో సమానమని యెవరు కొలిచి చూచిరండీ?" అని యడిగెను. మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. దానిని వెదకవలసినచోటు పుస్తకము గాదు, పొలము.

మన పల్లెలలో వ్యవసాయపు పనులు రెండుగా విభజింపబడి యున్నవి. దున్నుట, గట్లు వేయుట, బస్తాలు మోయుట మగవారివి. వరి నాట్లు, కలుపుతీత, పత్తి తీయుట, మిరపకాయలు కోయుట ముఖ్యముగ ఆడవారివి. కూలి రేట్లును ఆ విధముగనే రెండు. కారణమడిగిన "ఆడవారి పని తేలిక" యందురు. ఇది నిజమా? నాట్లు వేయు స్త్రీ ప్రొద్దుటనుండి నడుము వంచి, బురదలో వెనుకకు నడచుచు, ఎడము తప్పక నాటవలెను. మిక్కిలి లోతుగ నాటిన పిలకలు తగ్గును. నారు ముదిరినపిదప నాటిన దిగుబడి తగ్గును. పంట కాధారమైన యీ పనిని తేలిక యనుట తగదు. ఇంతియేగాక, కేంద్రప్రభుత్వపు లేబర్ బ్యూరోవారు ప్రకటించు గ్రామీణ కూలి రేట్లను చూచినచో, నాట్లు, కోతలు మున్నగు ఒకే పనికి సైతము స్త్రీల సగటు కూలి పురుషులదానికంటె సాధారణముగ తక్కువగనే కాన్పించును. కాబట్టి భేదము పని బరువును బట్టి గాక వాడుకను బట్టి యేర్పడినదని తెలియుచున్నది.

చట్టము ఊరకుండలేదు. 1950లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 39వ అధికరణమున, సమానమైన పనికి స్త్రీ పురుషులకు సమాన వేతన ముండునట్లు చూడవలెనని ప్రభుత్వములకు చెప్పినది. 1976లో సమాన వేతన చట్టము చేయబడెను; దాని సారము 2019 నాటి వేతనముల స్మృతిలో చేర్చబడినది. ఒకే పనికి, లేక అదే విధమైన పనికి, ఒకే వేతన మీయవలెనని దీని భావము. చిక్కంతయు నిచ్చటనే యున్నది. ఆడవారికి నాట్లు, మగవారికి దుక్కి అని పంచి, "ఇవి వేఱు పనులు" అనుట సులభము గదా!

అయినను దారి లేకపోలేదు. కొన్ని గ్రామములలో స్త్రీలు ముఠాగా చేరి, ఎకరమునకింత యని గుత్తకు నాట్లు వేయుదురు. అప్పుడు సొమ్ము నాటిన నేలనుబట్టి వచ్చును గాని, నాటినవా రెవరని కాదు. చురుకైన ముఠాకు దినకూలి కంటె నెక్కువయే ముట్టును. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద స్త్రీ పురుషులకు ఒకే రేటు నిర్ణయింపబడెను. ఆ పనిదినములలో పెక్కు సంవత్సరములు దేశమంతట సగమునకు మించి స్త్రీలవే యయ్యెను. పనిని కొలిచి కూలి యిచ్చినచోట స్త్రీలు వెనుదీయలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. దినమునకు 150 రూపాయలు తక్కువ వచ్చుననుకొందము. 100 దినములకు 15,000 రూపాయలు తల్లి చేతికి రాకపోవును. అంతకంటె పెద్ద నష్టము మఱియొకటి కలదు. "ఆడపిల్ల సంపాదన యెంత?" యని తలంచి, ఇబ్బంది కలిగినప్పుడు కుమార్తెనే ముందు బడి మాన్పింతురు. చదువు మానిన పిల్ల తిరిగి ఆ తక్కువ కూలికే పోవును. ఈ వలయము ముందుగా మన యిండ్లలో తెగవలెను. పొలము గలవారు కూలి యిచ్చునప్పుడు చేతులను గాక చేసిన పనిని చూతురుగాక.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ యూర ఏ పనికి ఎవరి కెంత కూలి ఇచ్చుచున్నారో అడిగి వ్రాసికొని రండు. ఆ బాలిక ప్రశ్నకు జవాబు మన మందఱము కలిసి వెదకుదము. లెక్కను సరిగ చేయుట యొక విద్య. లెక్కలో నిచ్చిన మాట నిజమా యని విచారించుట మఱియొక విద్య.