నెగ్గాల్సిన తూటా

తుక్కుగూడ దగ్గరి హార్డ్‌వేర్ పార్కులో 2018 నుంచి సైనిక డ్రోన్ల కర్మాగారం ఉంది. 2024 జనవరిలో హైదరాబాద్ కంపెనీ ద్వీప ఆర్మర్, పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల ఏఆర్‌డీఈతో కలిసి ‘ఉగ్రమ్’ రైఫిల్‌ను బయటికి తెచ్చింది. ఆయుధాల తయారీ మన ఇరుగుపొరుగుకే వచ్చేసినా, తుపాకీ గురించి మాట్లాడినంతగా అందులో పెట్టే తూటా గురించి ఎవరూ మాట్లాడరు. తూటా పొడవు, బలం తేలితేనే మ్యాగజైన్, బోల్టు, బారెల్ కొలతలు కుదురుతాయి. ఉగ్రమ్ కాల్చే 7.62×51 తూటాను నాటో ఖరారు చేసింది 1954లో. దాని చేతిలో ఓడిపోయిన తూటాయే సైనికుడికి మేలైనది.

ఆ ఓడిన తూటా .280 బ్రిటిష్.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్ ఒక నిపుణుల సంఘాన్ని వేసింది. దానికి పెద్ద డాక్టర్ రిచర్డ్ బీచింగ్. 1960లలో వేల కిలోమీటర్ల బ్రిటిష్ రైలు మార్గాలు మూసేయమని నివేదిక ఇచ్చిందీ ఈయనే. సైనికుడు నిజంగా గురిచూసి కాల్చేది ఎంత దూరం? మూడు నాలుగు వందల మీటర్లు దాటడం అరుదని యుద్ధం తేల్చేసింది. ఆ మాత్రానికి పాత .303 తూటా బలం దండగ. బలం పెరిగేకొద్దీ తుపాకీ భుజాన్ని గట్టిగా తంతుంది. వరసగా కాలిస్తే బారెల్ పైకి లేచిపోతుంది.

లెక్కలు వేసి 7 మిల్లీమీటర్ల గుండును ఎంచారు. ఇత్తడి గొట్టం పొడవు 43 మిల్లీమీటర్లు, గుండు బరువు సుమారు 9 గ్రాములు, వేగం సెకనుకు 770 మీటర్లు. శక్తి 2,700 జౌల్స్ దాకా వస్తుంది. ఏకే-47 తూటాకు అది 2,000, అమెరికా కోరుకున్న తూటాకు 3,300. ఈ తూటా కోసం పోలండ్ ఇంజినీరు స్టెఫాన్ జాన్సన్ ఈఎం-2 రైఫిల్ తయారుచేశాడు. మ్యాగజైన్ ట్రిగ్గర్‌కు వెనక, చెంప ఆనించే చోటికి కింద ఉంటుంది. అందుకే బారెల్‌ను కుదించకుండానే తుపాకీ మొత్తం 90 సెంటీమీటర్ల లోపు ఇమిడింది.

అమెరికన్లు మాత్రం .30 అంగుళాల, అంటే 7.62 మిల్లీమీటర్ల గుండే కావాలని పట్టుబట్టారు. వాళ్లను ఒప్పించడానికి గొట్టం అడుగు అంచును అమెరికన్ తూటా కొలతకు పెంచినా, 1950లో ఫోర్ట్ బెన్నింగ్ పరీక్షల తర్వాత కూడా వాళ్లు దిగిరాలేదు. 1951 ఏప్రిల్‌లో బ్రిటన్ రక్షణ మంత్రి ఇమాన్యుయెల్ షిన్వెల్ ఈఎం-2ను సైన్యానికి ఇస్తామని ప్రకటించాడు. అక్టోబరులో చర్చిల్ మళ్లీ ప్రధాని అయ్యాడు. మిత్రదేశాలన్నిటికీ ఒకే తూటా ఉండాలన్నది ఆయన పట్టుదల. 1952 జనవరిలో ట్రూమన్‌ను కలిసొచ్చాక .280 కథ ముగిసిపోయింది.

ఆ నిర్ణయం మన దాకా వచ్చింది. బెల్జియం వాళ్లు మొదట్లో .280కి కూడా సిద్ధం చేసిన ఎఫ్ఏఎల్ రైఫిల్ 7.62కు మారింది, దాని రూపమే ఈషాపూర్‌లో తయారైన 1ఏ1 ఎస్ఎల్ఆర్. మన జవాన్లు దశాబ్దాల పాటు మోసింది దాన్నే. ఇక వియత్నాంలో తన 7.62 రైఫిల్ ఎం14 వరసగా కాలిస్తే అదుపులో ఉండక, అమెరికా 5.56 తూటా కాల్చే ఎం16కి మళ్లింది. అందరి మీదా రుద్దిన తూటాను జవాన్ల రైఫిళ్లలోంచి ఆ దేశమే ముందుగా తీసేయడం బాధ కలిగించే సంగతి.

మన ఏఆర్‌డీఈ కూడా నడిమి దారి వెతికింది. అది రూపొందించిన బహుళ క్యాలిబర్ రైఫిల్‌ను మార్పులతో 5.56, 7.62×39, 6.8×43 తూటాలకు వాడొచ్చు. ఆ చివరిదానిదీ 43 మిల్లీమీటర్ల గొట్టమే. సైన్యం ఆ రైఫిల్‌ను తీసుకోలేదు.

2022లో అమెరికా 6.8×51 తూటాను ఎంచుకున్నప్పుడు .280 చివరికి నెగ్గిందన్న మాట వినిపించింది. ఆ పోలిక కుదరదు. గుండు లావు దగ్గరగా ఉన్నా, కొత్త తూటాలో పీడనం పాత 7.62 కంటే చాలా ఎక్కువ, తన్నుడూ ఎక్కువే. బీచింగ్ సంఘం తగ్గించమన్నది ఆ తన్నుడునే.