‘అమెరికన్ ఇండియన్’ అంటే మనం కాదు

పోయిన సంవత్సరం మా పెద్ద తరగతి పిల్లలు కాలేజీ దరఖాస్తులు నింపుకుంటున్న రోజుల్లో ఒక అబ్బాయి వచ్చి అడిగాడు. “టీచర్, ఇందులో అమెరికన్ ఇండియన్ అని ఒక గడి ఉంది. మేం అమెరికాలో పుట్టిన ఇండియన్సే కదా! టిక్కు పెట్టమంటారా? దానికి వేరే స్కాలర్‌షిప్పులు కూడా ఉన్నాయట.” అందరం నవ్వేశాం. కానీ వివరంగా చెప్పమంటే మా పెద్దవాళ్ళకే సరిగ్గా తెలియదని తేలింది. తర్వాత తెలుసుకున్నది ఇక్కడ పంచుకుంటున్నాం.

పిల్లలూ, ఆ గడి మనది కాదు. మనది ‘ఏషియన్’ అన్న గడి. 1492లో కొలంబస్ మన వైపు దేశాలకు చేరాననుకొని ఇక్కడి మూలవాసులకు తగిలించిన పేరు ‘ఇండియన్’. నవాహో, చెరొకీ, లకోటా వంటి వారు ఈ నేల మీద మనందరికన్నా ముందు నుంచీ ఉన్నవారు. ఫెడరల్ ప్రభుత్వం గుర్తించిన తెగలే 570కి పైగా ఉన్నాయి. వారికోసం ఉన్న సహాయానికి సాధారణంగా తెగ సభ్యత్వాన్నో, వంశాన్నో రుజువు చేసే పత్రం చూపించాలి.

మరి వారికి ప్రత్యేక సహాయం ఎందుకు? జాలితో ఇచ్చేది మాత్రం కాదు. 1862 నాటి మోరిల్ చట్టం కింద ప్రభుత్వం రాష్ట్రాలకు భూములిచ్చి, వాటి మీద వచ్చిన డబ్బుతో కాలేజీలు నడుపుకోమంది. 2020లో హై కంట్రీ న్యూస్ పత్రిక లెక్క తీస్తే, అవి దాదాపు 250 తెగల నుంచి పోయిన కోటి ఎకరాలకు పైగా భూములని తేలింది. మనలో కొందరు ఎం.ఎస్. చదివిన స్టేట్ యూనివర్సిటీలు అలా నిలదొక్కుకున్నవే.

ఇంకొక బాధ కూడా ఉంది. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బడి మొదలైంది. అక్కడ, ఆ తర్వాత వచ్చిన అలాంటి బడుల్లో, తెగల పిల్లల జుట్టు కత్తిరించారు, మాతృభాష మాట్లాడితే శిక్షించారు. వారాంతంలో నిద్ర మానుకొని అ ఆలు దిద్దడానికి వచ్చే మన పిల్లలు ఈ సంగతి తప్పక తెలుసుకోవాలి.

కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ మూలం కూడా అలాంటి బడే. 1911లో ఫెడరల్ ప్రభుత్వం ఆ స్థలాన్ని రాష్ట్రానికి అప్పగిస్తూ, మూలవాసుల పిల్లల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోకూడదని షరతు పెట్టింది. 1970లలో రాష్ట్రం దాన్ని తన వాసులకే పరిమితం చేయబోతే కోర్టు ఒప్పుకోలేదు. మాట మాటే అంది! మిషిగన్ రాష్ట్రంలో 1976 నుంచి, కాలిఫోర్నియా యూనివర్సిటీలో 2022 నుంచి, అర్హులైన ఆయా రాష్ట్రాల మూలవాసులకు ట్యూషన్ మినహాయింపు ఉంది.

అయితే ట్యూషన్ లేనంత మాత్రాన చదువు ఉచితం కాదు. గది అద్దె, తిండి, పుస్తకాలు, దూరపు ప్రయాణాలు ఉండనే ఉన్నాయి. అందుకని తెగ ఇచ్చే గ్రాంటు, ఆదాయాన్ని బట్టి వచ్చే పెల్ గ్రాంటు, 1989లో ఏర్పడిన అమెరికన్ ఇండియన్ కాలేజ్ ఫండ్ వంటి సంస్థల స్కాలర్‌షిప్పులు కలుపుకోవాలి. ఇంటికి దగ్గరలో చదువుకోవాలంటే తెగలే నడిపే కాలేజీలున్నాయి. వాటిలో మొదటిది 1968లో నవాహోలు పెట్టుకున్నది, ఇప్పటి డినే కాలేజీ.

తల్లిదండ్రులకు ఒక మాట. మన ఊళ్ళ వైపు కోయ, గోండు, చెంచు పిల్లలకు గురుకులాలు, స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. వాటి గురించి “ఊరికే ఇస్తున్నారు” అనే మాట మన ఇళ్ళల్లోనూ వినిపిస్తుంది. పిల్లలు వింటూ ఉంటారు. ఆ మాట అనే ముందు, అడవి ఎవరిది, నేల ఎవరిది అని ఒకసారి ఆలోచిద్దాం.

పిల్లలూ, మీ స్కూల్లో ఆ గడి నిజంగా తమదైన స్నేహితులెవరైనా ఉంటే, ముందుగా వారి తెగ విద్యా కార్యాలయంలో అడగమనండి. గడువు తేదీలు దాటకముందే చెప్పండి.