కంప్యూటర్‌లో వంద.. ర్యాక్‌లో తొంభై! ఇన్వెంటరీ కంట్రోలర్ అసలు పని ఇదే..

సంగారెడ్డి జిల్లా కొల్లూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు దిగితే పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఎంతో దూరం ఉండదు. అక్కడి ఫార్మా, ఇంజినీరింగ్ కంపెనీల్లో ఉండే ఉద్యోగాల్లో ఇన్వెంటరీ కంట్రోలర్ ఒకటి. స్టోర్ కీపర్‌నే ఇలా పిలుస్తారని చాలామంది అనుకుంటారు. కాదు. సరుకు దింపించి, సర్ది, ఇచ్చేది స్టోర్స్ వాళ్లు. లెక్కకు జవాబు చెప్పాల్సింది కంట్రోలర్.

సిస్టమ్‌లో 100 డ్రమ్ములు, ర్యాక్‌లో 90 ఉన్నాయనుకోండి. దొంగతనమేనా? చాలాసార్లు కాదు. నైట్ షిఫ్టులో సరుకు తీసుకెళ్తారు, ఇష్యూ స్లిప్పు పొద్దున రాద్దామనుకుంటారు.. మర్చిపోతారు. లేదా కిలోల్లో రాయాల్సింది డ్రమ్ముల్లో ఎంట్రీ పడుతుంది. లేని ఆ 10 డ్రమ్ముల్ని నమ్ముకుని ప్లానింగ్ వాళ్లు కొత్త ఆర్డర్ పెట్టరు. తీరా ప్రొడక్షన్ లైన్ ఆగుతుంది.

అందుకే రోజూ కొన్ని ఐటమ్స్ లెక్కపెడతారు. దీన్నే సైకిల్ కౌంటింగ్ అంటారు. ఖరీదైనవి తరచూ, నట్లు బోల్టులు ఎప్పుడో ఒకసారి. మందుల కంపెనీల్లో ఇంకో చిక్కు.. ముందొచ్చిన సరుకు కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యేదే ముందు వాడాలి.

డబ్బు సంగతీ ఉంది. పోయిన, పాడైన సరుకుపై జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) ప్రకారం ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ రాదు. కారో-2020 వర్తించే కంపెనీల్లో ఒక తరగతి సరుకులో తేడా 10 శాతం, ఆపైన ఉంటే ఆడిటర్ రిపోర్టులో ఆ సంగతి రావాల్సిందే.

సిస్టమ్‌లో 100ని 90గా మార్చేయడం నిమిషం పని. కానీ పాత స్లిప్పులు, పక్క ర్యాకులు వెతికాకే, పై అధికారి సంతకంతో ఆ ఎంట్రీ పడాలి.